ఒకే ఇల్లు, ఒకే జబ్బు, ఒకే మాత్రలు



పోయిన నెల మహేంద్రమంగళం దగ్గర మన బ్లోరూం కార్మికుడు ఒకతన్ని మట్టి చేసి వచ్చాము. వయసు నలభై ఆరు. పేరు ఇక్కడ వేయడం లేదు. ఆ ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురు ఉంది, టీబీ ఇల్లని పేరు పడితే సంబంధాలు రావని తల్లి చేతులు పట్టుకుని అడిగింది. మనలో చాలా మందికి అతను ఎవరో తెలుసు. పందొమ్మిదేళ్ళు మనతో పాటు మిల్లు బస్సు ఎక్కినవాడు.

ఆ రోజు అక్కడ రెండు మాటలు విన్నాము. మొదటిది ఒక పెద్దాయన అన్నది. "ఆడదాని ప్రాణం గట్టిది నాయనా, మగవాడిది గాజు ప్రాణం. రాత!" చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. రెండో మాట పూలదండ పట్టుకుని వచ్చిన మిల్లు ఆఫీసరు అన్నది. "బీడీ మానమని ఎన్నిసార్లు చెప్పామండీ, వింటేనా!" దానికీ అవే తలలు ఊగాయి. మేమూ అక్కడే ఉన్నాము, చావు ఇంట్లో వాదన ఎందుకని ఊరకున్నాము. ఇంటికి వచ్చాక ఊరకుండలేకపోయాము. ఆ రెండు మాటలకూ జవాబు ఈ పత్రికలో రాస్తున్నాము.

జరిగింది ఇది. మూడేళ్ళ క్రితం ఆ ఇంట్లో టీబీ మొదట వచ్చింది అతనికి కాదు, అతని భార్యకు. ఆమె టమాటా తోటల్లో కూలికి పోయే మనిషి. మూడు వారాలు దగ్గు తగ్గకపోతే ఆమె ఉన్న మహిళా సంఘంలోని ఆడవాళ్ళు గమనించారు. పొదుపు డబ్బు కట్టడానికి కూర్చున్నప్పుడు "ఏం వదినా, ఇంకా దగ్గుతున్నావు?" అని ఒకామె అడిగింది. మర్నాడు ఇద్దరు కలిసి ఆమెను పాలక్కోడు తీసుకుపోయి కఫం పరీక్ష చేయించారు. ఆరు నెలలు సర్కారు మాత్రలు మింగింది. ఒక రోజు మానితే పక్కింటి ఆమె వచ్చి నిలబడి మింగించింది. నెలకు ఇంత అని కేంద్రం ఇచ్చే పోషణ డబ్బు కోసం బ్యాంకు పుస్తకం పట్టుకుని సంఘం లీడరే తిరిగింది. (2018లో 500 రూపాయలతో మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. తెలియనివాళ్ళు ఉంటే తెలుసుకోండి.) ఆమె బాగుపడింది. ఇవాళ మళ్ళీ తోట పనికి పోతోంది.

మన ధర్మపురిలో ఈ మహిళా సంఘాలు ఎప్పటివో చిన్నవాళ్ళకు తెలియదు. 1989లో ఐఫాడ్ అనే అంతర్జాతీయ సంస్థ సాయంతో తమిళనాడులో మొట్టమొదట ఇవి పెట్టింది మన జిల్లాలోనే. ఆ రోజుల్లో మేము మిల్లులో కొత్తగా చేరినవాళ్ళం. "ఆడవాళ్ళు కూడి ఏం చేస్తారు, ఊరి కబుర్లు చెప్పుకుంటారు" అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నాము. ఆ కబుర్లే ఒక ప్రాణం నిలబెట్టాయి. ఈ మాట రాయడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

ఇప్పుడు మగవాడి సంగతి. పోయిన ఏడాది అతనికి దగ్గు పట్టుకుంది. భార్యకు వచ్చింది ఏమిటో కళ్ళారా చూసినవాడు, అదే తనకూ వచ్చి ఉంటుందని తెలియనివాడు కాడు. తెలిసీ దాచాడు. బ్లోరూంలో అందరూ దగ్గుతారు, అతని దగ్గు ఎవరికి వినబడుతుంది? ఆస్పత్రిలో చీటీ రాసేది పొద్దున పూట. ఫస్టు షిఫ్టులో ఉంటే పోలేడు, నైటు షిఫ్టు దిగి వస్తే నిలబడలేడు. ఒక రోజు పోతే ఒక రోజు కూలి పోతుంది, దాంతో పాటు నెలాఖరు హాజరు బోనసు కూడా పోతుంది. నాలుగు నెలలు అలా గడిచాయి. రక్తం పడ్డాక భార్యే ఈడ్చుకుపోయింది. అప్పటికే మనిషి ఎముకల గూడు. మాత్రలు మొదలుపెట్టాడు. రెండు నెలల్లో దగ్గు తగ్గింది, జ్వరం తగ్గింది. తగ్గిందనుకుని మానేశాడు, షిఫ్టుకు వచ్చేశాడు. మిల్లు గేటు దగ్గర ఎవరైనా అడిగారా, "మాత్రలు మింగుతున్నావా తమ్ముడూ" అని? మేము అడగలేదు. మీరూ అడగలేదు.

ఇల్లు ఒకటే, జబ్బు ఒకటే, మాత్రలూ అవే. ఒకరు బతికారు, ఒకరు పోయారు. రాత అని తలలూపి వచ్చేయడానికి మనకు మనసు ఎలా ఒప్పుతుంది?

ముందు పెద్దాయన మాట చూద్దాం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆడదాని ఒంటికి పుట్టుకతో వచ్చిన బలం కొంత ఉందని డాక్టర్లు కూడా చెప్తారు. ఆడవాళ్ళ కణాల్లో ఎక్స్ క్రోమోజోములు రెండు, మగవాళ్ళకు ఒకటే. రోగాలతో పోరాడే శక్తికి సంబంధించిన జన్యువులు కొన్ని ఆ ఎక్స్ మీదే ఉంటాయి. ఆడవాళ్ళ హార్మోను కూడా ఆ పోరాటానికి తోడ్పడుతుంది. పసికందుల్లోనే మగపిల్లలు ఎక్కువ సున్నితం. గుండె జబ్బు మగవాళ్ళకు ఆడవాళ్ళ కంటే దాదాపు పదేళ్ళు ముందుగా వస్తుంది. కరోనా వచ్చిన 2020లో మన దేశంలో చనిపోయిన ప్రతి పది మందిలో ఏడుగురు మగవాళ్ళని ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. 2016–20 లెక్కల ప్రకారం మన దేశంలో మగవాడి సగటు ఆయుర్దాయం 68.6 ఏళ్ళు, ఆడదానిది 71.4. ఇదంతా మేము కాదనడం లేదు.

కానీ పుట్టుకతో వచ్చిన బలమే అన్నీ నిర్ణయిస్తే మన ధర్మపురి చరిత్ర వేరేగా ఉండేది. పుట్టుకతో గట్టి ప్రాణమని చెప్పే ఆడపిల్లలనే కదా ఈ జిల్లాలో, సేలంలో పురిట్లోనే పోగొట్టుకున్నాము! 1992లో సేలంలో సర్కారు ఉయ్యాల పథకం పెట్టింది దేనికి? తర్వాత అది మన జిల్లాకూ ఎందుకు వచ్చింది? వడ్లగింజ, జిల్లేడు పాలు అనే మాటలు వింటే మన ముసలమ్మలు ఇప్పటికీ తల దించుకుంటారు. దేవుడిచ్చిన బలాన్ని మనుషులు తీసేయగలరని మన ఊళ్ళే సాక్ష్యం. అలాంటప్పుడు దేవుడిచ్చిన బలహీనతను మనుషులు సరిదిద్దలేరా? మగవాడి ప్రాణం నిజంగా గాజే అయితే గాజును ఎలా చూసుకోవాలి? దూది దుమ్ములో పడేసి, నైటు షిఫ్టులో నిలబెట్టి, పగిలాక రాత అంటామా? మిల్లులో పెట్టిన బాబిన్‌నైనా జాగ్రత్తగా చూస్తారు, పగిలితే స్టోర్సులో లెక్క చెప్పాలి కనుక. మనిషి పోతే లెక్క అడిగేవాడు లేడు.

ఇక ఆఫీసరుగారి బీడీ మాట. ఇందులోనూ నిజం ఉంది, దాచము. ఈ మాటలు రాస్తున్నవాళ్ళమే పద్నాలుగేళ్ళు బీడీ కాల్చాము. మన రాష్ట్రంలోనే, చెన్నైలో, విల్లుపురం పల్లెల్లో, డాక్టర్ గజలక్ష్మి బృందం పెద్ద పరిశోధన చేసింది. చనిపోయిన 43,000 మంది మగవాళ్ళ సంగతి ఇళ్ళకు పోయి అడిగి, బతికి ఉన్న 35,000 మందితో పోల్చి చూశారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పొగ తాగేవాడు టీబీతో చనిపోయే ప్రమాదం తాగనివాడి కంటే నాలుగు రెట్లకు పైగా అని తేలింది. మన దేశంలో 2016–17 సర్వే ప్రకారం పొగ తాగే మగవాళ్ళు వందకు 19 మంది, ఆడవాళ్ళు ఇద్దరే. మగవాళ్ళు ముందు పోవడానికి ఇది చాలా పెద్ద కారణం. ఎక్స్ క్రోమోజోము చేతిలో అగ్గిపెట్టె ఉండదు, మన చేతిలో ఉంది. కాబట్టి బీడీ మానండి అని ఆఫీసరు చెప్తే మేము కూడా ఆయనతో కలిసి చెప్తాము.

అయితే ఆయన చెప్పనిది ఒకటి ఉంది. అతను బీడీ రోజుకు పది నిమిషాలు పీల్చాడేమో, బ్లోరూం దుమ్మును రోజుకు ఎనిమిది గంటలు పీల్చాడు. బేళ్ళు విప్పేచోట, బ్లోరూంలో, కార్డింగులో దుమ్ము అన్నిటికంటే ఎక్కువని యాజమాన్యానికి తెలియదా? ఆ దుమ్ముతో వచ్చే జబ్బుకు పేరే ఉంది, బిస్సినోసిస్. దాని గుర్తు మనవాళ్ళకు డాక్టరు చెప్పనక్కరలేదు. వారం సెలవు అయ్యాక మొదటి షిఫ్టులో ఛాతీ తాడు వేసి బిగించినట్టు ఉంటుంది, ఊపిరి అందదు. మర్నాటికి కొంచెం సర్దుకుంటుంది. మొదట్లో దుమ్ముకు దూరమైతే తగ్గిపోతుంది. ఏళ్ళు గడిస్తే రోజూ ఉంటుంది, ఇక పోదు. పొగ తాగేవాడికి మరింత త్వరగా ముదురుతుంది. అంటే బీడీ, దుమ్ము రెండూ కలిసి మనిషిని తింటాయి. యాజమాన్యం ఒకదాన్నే చూపిస్తుంది, ఎందుకంటే బీడీ మన జేబులోంచి వస్తుంది, దుమ్ము తీసే యంత్రం వాళ్ళ జేబులోంచి రావాలి.

ఇది కొత్త నాటకం కాదు. మాంచెస్టరులో నూలు మిల్లు కార్మికుల ఛాతీ జబ్బు గురించి డాక్టర్ కే అనే ఆయన 1831లోనే రాశాడు. ఆ దేశంలో నష్టపరిహారం పథకం వచ్చింది 1941లో. నూట పదేళ్ళు! అది కూడా 20 ఏళ్ళు ఆ గదుల్లో పనిచేసి, పూర్తిగా పనికిరాకుండా పోయినవాడికే. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే బిస్సినోసిస్ పేరు ఉంది, డాక్టరు చూసిన వెంటనే సర్కారుకు తెలియజేయవలసిన జబ్బుల పట్టీలో. గాలిలో దూది దుమ్ము ఘనమీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని కూడా ఆ చట్టంలో రాశారు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. దాని మంచిచెడ్డలు వేరే సంచికలో రాస్తాము, కానీ ఆ పట్టీలో ఈ జబ్బు పేరు మాత్రం అలాగే ఉంది. ఇన్నేళ్ళలో మన మిల్లులో దుమ్ము కొలిచిన కాగితం ఒక్కటైనా నోటీసు బోర్డు మీద చూశారా? ఊపిరి ఊది పరీక్ష చేసే యంత్రం చూశారా? ఎక్స్‌రే తీసి "క్లియర్‌గా ఉంది" అని పంపిస్తారు. ఈ జబ్బు ఎక్స్‌రేలో తేలదు సోదరులారా. షిఫ్టుకు ముందు ఒకసారి, షిఫ్టు దిగాక ఒకసారి ఊపిరి కొలిస్తే తేడా తెలుస్తుంది. అదీ సెలవు తర్వాతి రోజునే కొలవాలి.

ఇంకో దుర్మార్గం చెప్పకపోతే మా మనసు ఊరుకోదు. ఈఎస్ఐలో టీబీ రోగికి మామూలు జబ్బు సెలవు డబ్బు ఏడాదికి 91 రోజులు, కూలిలో 70 శాతం. అది అయిపోతే దీర్ఘకాల జబ్బుల కింద 80 శాతం, రెండేళ్ళ వరకు ఇస్తారు. రెండేళ్ళు! అతనికి కావలసింది ఆరు నెలలు. కానీ ఆ 80 శాతం రావాలంటే రెండేళ్ళు తెగకుండా ఇన్సూరెన్సులో ఉండాలి, అందులో 156 రోజుల చందా ఉండాలి. పందొమ్మిదేళ్ళు ఒకే గదిలో, ఒకే యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి కాగితం మీద ముగ్గురు కాంట్రాక్టర్లు. మధ్యలో నెలలు గల్లంతు. కూలిలోంచి పట్టుకున్న చందా ఎటు పోయిందో అడిగితే "పాత కాంట్రాక్టరును అడగండి" అన్నారు. పాత కాంట్రాక్టరు ఫోను ఎత్తడు. అతను రెండు నెలల్లో షిఫ్టుకు వచ్చేశాడంటే మొండితనం అనుకున్నాము కదా? ఇంట్లో బియ్యం లేక వచ్చాడు. ఇది చచ్చాక తెలిసింది మాకు. ముందే తెలియవలసింది, యూనియన్ ఉన్నది దీనికే.

మగవాడు ఆస్పత్రికి పోడు అనేదాన్ని ఇప్పుడు ఒకసారి ఆలోచించండి. దేశమంతటా 2019–21లో జరిగిన టీబీ సర్వేలో లక్షణాలు ఉన్నవాళ్ళలో వందకు 64 మంది వైద్యానికే పోలేదు. తమిళనాడులో 2020 సర్వేలో బీపీ ఉన్నవాళ్ళలో అది అదుపులో ఉన్నది వందకు ఏడుగురికే, షుగరు వాళ్ళలో పదకొండు మందికి. అందుకే 2021 ఆగస్టు 5న మన పక్క కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ముఖ్యమంత్రి స్టాలిన్ ఇంటింటికీ వైద్యం పథకం మొదలుపెట్టాడు. మంచి పథకం. మహిళా సంఘం ఆడవాళ్ళే ఇంటికి వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇస్తారు. వాళ్ళు వచ్చేది పగలు. పగలు ఇంట్లో ఎవరుంటారు? మగవాడు షిఫ్టులో ఉంటాడు, లేదా నైటు దిగి పడుకుని ఉంటాడు. "లేపొద్దమ్మా" అంటుంది భార్య. 2024లో పనిచేసే చోటికే వచ్చి పరీక్షలు చేసే ఏర్పాటు కూడా సర్కారు పెట్టింది. మన గేటులోకి రమ్మని యాజమాన్యం చేత అడిగించడం మన పని.

మన తప్పు కూడా రాస్తాము. ఎవడైనా ఒంట్లో బాగాలేదని సెలవు చీటీ రాస్తే "ఏరా, కొత్త పెళ్ళికూతురివా?" అని ఎగతాళి చేసేది సూపర్వైజరు ఒక్కడే కాదు. మనమే. ఒంటేలుకు పోతే నొప్పి, ఆగి ఆగి వస్తోందంటే భార్యకు కూడా చెప్పకుండా దాచే మగవాళ్ళు మనలో ఉన్నారు. ఛాతీ నొప్పి అంటే గ్యాసు అని సోడా తాగుతాము. సాయంత్రం నలుగురం కూడే చోటు టాస్మాక్ కొట్టు. అక్కడ తాగేవాడు టీబీ మాత్రలు మరిచిపోతాడు, పైగా మాత్రలకు సారా తోడైతే కాలేయం దెబ్బతింటుంది. 2022లో ఈ దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో వందకు 70 మందికి పైగా మగవాళ్ళు, నాలుగో వంతుకు పైగా రోజు కూలివాళ్ళు. ఆడవాళ్ళకు కష్టం లేకనా? వాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు. మనం గ్లాసుకు చెప్పుకుంటాము.

సోదరీమణులు ఇది చదివి, మగవాళ్ళ ఏడుపు మాత్రమే రాశారని అనుకోకండి. బిస్సినోసిస్ చీరను, లుంగీని చూసి రాదు. రింగ్ ఫ్రేముల దగ్గర ఇప్పుడు ఎక్కువ మంది మన ఆడపిల్లలే. 2019–21 కుటుంబ సర్వేలో దేశంలో వందకు 57 మంది ఆడవాళ్ళకు రక్తహీనత. ఆడదానికి గుండెపోటు వస్తే అలసట, దవడ నొప్పి, వాంతి అని పోతుంది, డాక్టరు కూడా గ్యాసు అంటాడు. బీడీ తాగే ఆడదాని ఆయుష్షు మగవాడి కంటే ఎక్కువే తరుగుతుంది. మగవాడికి ఆరేళ్ళు, ఆమెకు ఎనిమిదేళ్ళు అని లెక్క. పైగా మగవాడు నలభై ఆరుకే పోతే మిగిలిన బండి లాగేది ఎవరు? ఆ ఇంట్లో ఇప్పుడు అప్పు ఆమె పేరున ఉంది. గట్టి ప్రాణం అని పొగిడి బరువంతా ఆమె మీద వేశాము.

కార్యవర్గం పోయిన ఆదివారం కూర్చుని తీర్మానించింది ఇది. దుమ్ము కొలత కాగితాలు మూడు నెలలకొకసారి బోర్డు మీద పెట్టాలని, బ్లోరూం, కార్డింగు వాళ్ళందరికీ ఏడాదికొకసారి ఊపిరి పరీక్ష చేయించాలని, టీబీ మాత్రలు మింగేవాళ్ళను ఆరు నెలలు దుమ్ము గదుల్లోంచి మార్చి హాజరు బోనసు కోయకూడదని యాజమాన్యానికి నోటీసు ఇచ్చాము. పదిహేను రోజులు గడువు. జవాబు రాకపోతే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోతాము, గేటు మీటింగు పెడతాము. చనిపోయిన సోదరుని చందా లెక్కల మీద ఈఎస్ఐకి ఫిర్యాదు రాసి, మూడు కాంట్రాక్టుల కూలి స్లిప్పులు జతపరిచాము. అతనితో పని చేసినవాళ్ళు సాక్ష్యం సంతకానికి రండి. భయపడకండి, సంతకాలలో మొదటిది మాదే.

మన వంతు పని కూడా ఉంది. ఒక్కో డిపార్టుమెంటులో ఇద్దరిని పెడుతున్నాము. రెండు వారాలకు పైగా దగ్గేవాణ్ణి, బరువు తగ్గుతున్నవాణ్ణి పట్టుకుని పాలక్కోడు తీసుకుపోవడం వాళ్ళ పని. ఆ రోజు కూలి యూనియన్ నిధి నుంచి ఇస్తాము. మాత్రలు మింగేవాడు షిఫ్టుకు ముందు ఆ ఇద్దరిలో ఒకరి ఎదుట మింగాలి. ఎలా చేయాలో నేర్పడానికి మహేంద్రమంగళం మహిళా సంఘం నుంచి ఇద్దరు అక్కలు వస్తామన్నారు. అందులో ఒకరు ఆ ఇంటి ఆమె. ప్రతి డిపార్టుమెంటు నుంచి ఇద్దరి పేర్లు ఈ శనివారం లోపల ఆఫీసులో ఇవ్వండి. బ్లోరూం నుంచి ఇంకా ఒక్క పేరే వచ్చింది.

– కార్యదర్శి